మంచం కింద ఆరు పుస్తకాలు

మా మేనత్త కాన్పుల ఆసుపత్రిలో నలభై ఏళ్లు నర్సుగా పనిచేసింది. జీతంలో మిగుల్చుకుని కొన్న అరవై నాలుగు వైద్య పుస్తకాలను కొత్తగా పెట్టిన యూనివర్సిటీ లైబ్రరీకి ఇస్తానంది. అంతవరకు ఆ లైబ్రరీ దాతల పట్టీలో ఆడమనిషి పేరు ఒక్కటీ లేదు. నెల తర్వాత వచ్చి చూస్తానని లైబ్రేరియన్ ఉత్తరం రాశాడు. దానితోపాటు అచ్చువేసిన నిబంధనల కాగితం ఒకటి వచ్చింది. అందులో మూడోది, రాతలున్న పుస్తకాలు తీసుకోబడవు అని.

అత్త పుస్తకాల్లో రాత లేని పేజీ తక్కువ. ఏ కాన్పు ఎలా అడ్డం తిరిగింది, పుస్తకంలో చెప్పినట్టు చేస్తే ఏమైంది, అన్నీ అంచుల్లో పెన్సిలుతో రాసుకుంది. ఆ సాయంత్రమే రెండు రబ్బర్లు తెప్పించి ఒకటి నా చేతిలో పెట్టింది.

కింది అరలోని ఆరు పుస్తకాలు నా వంతు. మొదటిది తెరవగానే కనిపించింది: "తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. డాక్టరుని పావుగంట ముందే పిలవాల్సింది." నాకు చెయ్యి ఆడలేదు. ఆరింటినీ పాత చీరలో చుట్టి మంచం కిందికి తోసేసి, అయిపోయాయని చెప్పాను.

నెల తిరగగానే లైబ్రేరియన్ వచ్చాడు. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లలా కుర్చీ అంచున కూర్చుంది. ఆమె వేళ్ల కొసలు కందిపోయి ఉన్నాయి. ఆయన ఒక్కో పుస్తకం తెరిచి, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూసి, జాబితాలో టిక్కు పెడుతున్నాడు. జాబితా చివరికొస్తే ఆరు తగ్గుతాయని నేను మంచం వైపే చూస్తున్నాను.

"ఇవన్నీ ఎవరు చెరిపారమ్మా?"

"నేనే బాబూ. ఇంకా ఎక్కడైనా కనబడితే చెప్పండి, ఇప్పుడే తుడిచేస్తాను."

ఆయన కలం కింద పెట్టాడు. ఆ నిబంధన పుస్తకాల మీద పిచ్చిగీతలు గీసే కుర్రాళ్ల కోసమట. ఈ పుస్తకాలు లైబ్రరీలో ఇదివరకే ఉన్నాయట. ఆవిడ తన ఉత్తరంలో చెప్పిన రాతల కోసమే కమిటీని ఒప్పించానని, అవి లేకపోతే రెండో ప్రతులు మాకెందుకని వాళ్లు అంటారని చెప్పాడు.

"ఆ కాగితం పంపింది మీరేగా," అంది అత్త నెమ్మదిగా.

"అందరికీ అదే పంపుతామమ్మా." ఆయన తల దించుకున్నాడు.

నేను లేచి వెళ్లి చీరమూట తెచ్చి బల్ల మీద పెట్టాను. అత్త ముడి విప్పి చూసింది.

"అయిపోయాయన్నావు."

"చెరపలేకపోయానత్తా."

"ఒళ్లొంగని పిల్లవని మీ నాన్న ఊరికే అన్లేదు," అంటూనే ఆ ఆరింటినీ ఆయన వైపు జరిపింది.

లైబ్రేరియన్ మొదటి పుస్తకం తెరిచి చాలాసేపు చదివాడు. ఆరింటికి కమిటీ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. శుక్రవారం కూర్చుంటారట.

ఆయన మెట్లు దిగకముందే అత్త చెరిపిన పుస్తకం ఒకటి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఏటవాలుగా పట్టుకుని, కాగితం మీద పెన్సిలు నొక్కిన గాట్లను వేలితో తడిమింది.

"ఇంకా మూడు రోజులుంది," అంది. "పెన్సిళ్లు రెండు చెక్కవే."