తేనె తీసిన మర్నాటి దోపిడీ

టైలరమ్మకు తేనెటీగలంటే హడల్. ఆమె భర్త మాత్రం బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, డాబా మీద రెండు తేనెపెట్టెలు పెట్టుకున్నాడు. ఇంట్లో కూడా గొంతు చించుకునే మాట్లాడతాడని వీధి వీధంతా ఆయన్ని హారన్ మావయ్య అంటుంది. వేసవి పొడుగునా మొగుడు డాబా మీద, పెళ్లాం కింద కుట్టుమిషన్ ముందు. ఆమె ఆ మెట్లెక్కితే ఒట్టు.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఆఖరి విడత తేనె తీశారు. పూలు తగ్గిపోయాయి కాబట్టి ఇక ఈగలకు పంచదార పాకం పెట్టాలంటూ మర్నాడు పొద్దున్నే ఆయన సంచీ పట్టుకుని బజారుకెళ్లాడు. తేనె తీసేసిన తేనెపట్టు చట్రాలు వంటింటి గట్టు మీదే కారుతున్నాయి. అడుగు వేస్తే చాలు, కాలు నేలకి అతుక్కుపోతోంది. టైలరమ్మకు ఒళ్లు మండింది.

"ఎవరి ఎంగిలి వాళ్లే నాక్కుంటారు" అని గొణుక్కుంటూ చట్రాలన్నీ మోసుకెళ్లి, పెట్టెల దగ్గర దించి, ఒక్క పరుగున కిందికొచ్చి పడింది. వంటిల్లు కడుక్కుని, మంచి పని చేశాననుకుంది కూడా.

కాసేపటికి పైనుంచి ఒకటే హోరు. ఆమె మెట్ల తలుపు సందులోంచి చూసింది. ఎక్కడెక్కడి ఈగలో వచ్చి చట్రాల మీద ముసురుకున్నాయి. అవి చాలక, రెండు పెట్టెల్లో చిన్నదాని తేనె దోచుకోవడానికి దాని మీద కూడా పడ్డాయి. దాని గుమ్మం ముందు ఈగలు ఒకదాన్నొకటి కరుచుకుని దొర్లుతున్నాయి.

భర్తకు ఫోన్ చేసింది. "ఏమండీ, మీ ఈగలు కొట్టుకు చస్తున్నాయండీ!"

"తడి చట్రాలు గానీ బయట పెట్టావా?" ఆయన అరుపుకి బజారంతా తిరిగి చూసే ఉంటుంది.

"పెట్టాను. తిట్టేదేదో తర్వాత తిట్టండి. ఇప్పుడేం చెయ్యాలి?"

"చట్రాలు లోపల పెట్టి తలుపెయ్యి. చిన్న పెట్టె గుమ్మంలో గడ్డి కుక్కి, ఒక్క ఈగ పట్టేంత సందు వదులు. బయటి ఈగలు దూరకుండా పైన తడిదుప్పటి కప్పు. నేనొచ్చేస్తున్నా!"

"నేనా?"

"మరి నేను ఫోన్లోంచి దూకనా?"

టైలరమ్మ ఆయన వానకోటు తొడుక్కుని, ముఖానికి వలగుడ్డ చుట్టుకుంది. దుప్పట్లన్నీ అప్పటికే చాకలికి వేసేసింది. చేతికందిన పెద్ద గుడ్డ ఒక్కటే, పక్కింటి నర్సమ్మ కోసం నిన్ననే కుట్టిన ఎర్రపూల కర్టెన్. దాన్నే బకెట్లో ముంచి పైకెక్కింది.

చట్రాలు లోపలికి చేర్చింది. గడ్డి కుక్కుతుంటే ఒక ఈగ మణికట్టు మీద చురుక్కుమనిపించింది. "అమ్మా!" అంది గానీ చెయ్యి వెనక్కి తియ్యలేదు. "ఉండవే తల్లీ, నేను నీ పక్షమేనే" అని దాన్నే బతిమాలింది. కర్టెన్ కప్పి, మగ్గుతో నీళ్లు చల్లుతూ నిలబడింది.

హారన్ మావయ్య రొప్పుతూ వచ్చేసరికి హోరు సగం తగ్గింది. పెళ్లాన్ని ఆ అవతారంలో చూసి గుడ్లప్పగించాడు.

"చూస్తారేంటి? ఇంకో బకెట్ పట్రండి" అంది ఆమె.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. "అక్కా, కర్టెన్లు అయ్యాయా?"

"ఒకటి అయింది. రెండోది పైన డ్యూటీలో ఉంది."

సంగతంతా విని నర్సమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ కర్టెన్ పెట్టెకే ఉంచేయమని, టైలరమ్మ వాచిన చేతికి తనే మందు రాసింది.

మర్నాడు హారన్ మావయ్య చిన్న పెట్టె తెరిచాడు. ఆయన భుజం మీదుగా టైలరమ్మా తొంగి చూసింది. గుంపు పలచబడింది, తేనె చాలా పోయింది. కానీ ఈగల మధ్యలో పొడుగాటి రాణి నింపాదిగా నడుస్తోంది.

"అదిగో, అదిగో! బతికే ఉందండీ!" అని ఆమె చిన్నపిల్లలా గంతేసింది.

అది మొదలు రోజూ సాయంత్రం పాకం కాచి పెట్టే పని ఆమెదే అయింది. వానలు పోయి, చలి మొదలయ్యేనాటికి చిన్న పెట్టె మళ్లీ బరువెక్కింది.

ఒకరోజు పొద్దున్న ఇద్దరూ డాబా మీదుండగా, ఈగలు తమలోనే లావుపాటి వాటిని కొన్నిటిని గుమ్మంలోంచి బయటికి ఈడ్చిపారెయ్యడం కనిపించింది.

"పాపం, వాటినెందుకండీ గెంటేస్తున్నాయి?"

"అవి పోతుటీగలే, మగవి. పనీ పాటా ఉండదు, తిండి దండగ. చలికాలం వాటినెవరు మేపుతారు?" అనేసి, తన మాటలు తనకే వినపడ్డట్టు ఆయన ఠక్కున ఆగిపోయాడు. పెళ్లాం వైపు ఓరగా చూసి లేచాడు.

"టీ నేను పెడతాలే."

"అల్లం దంచి వెయ్యండి" అంది టైలరమ్మ, పెట్టె మీంచి చూపు తిప్పకుండానే.