ఇరవై ఆరు చిన్న కుర్చీలు

మా వార్డు మెంబరును నేను చక్కెరనోరు అంటాను. ఆయన చేసిన పని చెప్పుకోకపోతే నా కడుపుమంట చల్లారదు.

నేను వడ్రంగిని. ఎనిమిదో ఏట గాని నన్ను బడికి పంపలేదు. అప్పటికే తోటివాళ్ళు గడగడా చదువుతున్నారు, నాకు పలక పట్టుకోవడమే రాదు. రెండేళ్ళు బెంచీ ఎక్కి నిలబడ్డాను, ఆ తర్వాత బడి మానేసి రంపం పట్టాను. అందుకే, అంగన్‌వాడీ లేని మా వార్డులో చెల్లెలు మూడు నాలుగేళ్ళ పిల్లలకు బడి పెడతానంటే నా షెడ్డులో సగం ఇచ్చేశాను. ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లులు ఇరవై ఆరుగురు పిల్లల్ని తెచ్చి దింపారు. ఫీజు కట్టగలిగినవాళ్ళు తొమ్మిది మంది.

చెల్లెలు రెండేళ్ళు ఎలాగో ఈదింది. ఆయా జీతం, పిల్లల తిండి ప్రభుత్వం ఇస్తే తప్ప ఇక నడవదని అర్జీ పెట్టింది. తనిఖీకి వస్తామన్నారు.

"ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం అన్నయ్యా. కారే కప్పు, ఊగే కుర్చీలు, అన్నీ," అంది.

అక్కడే ఉన్న చక్కెరనోరు నవ్వాడు. "అదేం మాట చెల్లెమ్మా! నలుగురొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమా? మేస్త్రీ, నీ చెయ్యేంటో చూపించు. ముక్కున వేలేసుకోవాలి."

నా చెయ్యి అన్నాడు కదా, పడిపోయాను. నేను చేసిన కుర్చీ ఊగుతుంటే పరాయి మనిషికి ఎలా చూపిస్తాను? కప్పుకు కొత్త రేకులు వేయించాను. కుర్చీలన్నీ విప్పి మళ్ళీ బిగించి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రంగులు వేశాను.

ఆఫీసరమ్మ వచ్చింది. కుర్చీ అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది.

"భలే నున్నగా ఉన్నాయే! ఎవరు చేశారు?"

"నేనేనండీ." ఛాతీ పొంగింది, సిగ్గులేకుండా.

ఆమె ఏదో రాసుకుంది. ఏం రాశారని అడిగాను.

"వసతులు బాగున్నాయి, సాయం అవసరం లేదు అని."

"కుర్చీలకు కాదమ్మా, మేం అడిగింది జీతానికి, తిండికి!"

"ఫారంలో ఒక్కటే గడి ఉంది మేస్త్రీ గారూ."

ఆ రోజే జరుగుతున్న వార్డు సభకు పరిగెత్తాను. అక్కడ చక్కెరనోరు మైకులో మా బడి గురించే చెబుతున్నాడు. మా వార్డు జనం సర్కారు వైపు చూడరు, సొంత కాళ్ళ మీద నిలబడ్డారు అంటున్నాడు. చప్పట్లు.

నేను లేచాను. "ఐదేళ్ళు నిండాకే బడి అంటారు. అప్పటిదాకా ఈ పిల్లలు ఎవరి లెక్కలో ఉన్నారండీ? ఆలస్యంగా పంపితే ఏమవుతారో తెలియాలంటే నన్ను చూడండి. ఒక ఆయా జీతం, పూట తిండి, అంతేగా అడిగింది!"

"కూర్చో మేస్త్రీ. నీ కుర్చీలు పక్క వార్డువాళ్ళకూ నచ్చాయట, ఆర్డరిప్పిస్తాలే!"

అందరూ నవ్వారు. ఆయా కూడా నవ్వింది, పాపం, ఆమెకు అప్పటికి రెండు నెలల జీతం లేదు.

ఆ నెలాఖరుకే బడి మూశాం. చెల్లెలిప్పుడు ఆ తల్లుల పక్కనే నిలబడి ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు అంటిస్తోంది. పిల్లల్లో కొందరిని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళుతున్నారు. కొందరికి అక్కలు కాపలా, ఆ అక్కల బడి కూడా పోయింది.

ఆ రేకులకు, రంగులకు డబ్బు కోసం నేను అప్పుడే పెరట్లో కలప ఆరబెట్టుకునే జాగా అమ్మేశాను. నూట పద్దెనిమిది గజాలు.