ఎండు రొట్టె ప్రమాణం

నాకు నోరెక్కువని మా అమ్మ చిన్నప్పటినుంచీ మొత్తుకునేది. చివరికి ఆ నోరు ఆమె మెడకే చుట్టుకుంది. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది.

అప్పుడు నేను కర్నూలులో ఒక మిషను బడిలో ఆడపిల్లలకు ఇంగ్లండు చరిత్ర చెబుతూ, బి.ఏ. పరీక్షకు ప్రైవేటుగా చదువుకుంటున్నాను. సెలవులకు ఆత్మకూరు దగ్గరి మా పల్లెకు వచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దు నడినెత్తికెక్కినా పొయ్యి వెలిగించలేదు.

"ఏమైందమ్మా?"

"కృష్ణవేణమ్మగారి కాసులదండ పోయిందంట మణీ. నేనే తీసినానంటాండారు."

కృష్ణవేణమ్మ మా ఊరి రెడ్డిగారి భార్య. ఆయన పోయాక ఇల్లూ పొలమూ ఆమె మాట మీదే నడిచేవి. మా అమ్మ విశ్వాసమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి పెరట్లో ధాన్యం చెరుగుతోంది. మేము ఊరి బయటి పాలెం వాళ్ళం, కిరస్తానం వాళ్ళం. ఆ ఇరవై ఏళ్ళలో అమ్మ చేతినుంచి ఆ ఇంట్లో ఎవరూ గుక్కెడు నీళ్ళు తాగలేదు. దండను కుంకుడు రసంలో నానబెట్టి పెరటి అరుగు మీద పెట్టారట. కాసేపటికి చూస్తే గిన్నె ఉంది, దండ లేదు. ఆ పూట పెరట్లో ఉన్న పనివాళ్ళు ముగ్గురే. సిద్దమ్మ, గురమ్మ, మా అమ్మ.

మా వైపు ఇలాంటప్పుడు బియ్యం నమిలిస్తారు. ఊరి దేవత సుంకులమ్మ ముందు పెట్టిన బియ్యం పిడికెడు నోట్లో పోసుకుని నమిలి ఉమ్మాలి. తడిగా వస్తే మంచివాళ్ళు, పొడిగా వస్తే దొంగ. సిద్దమ్మా గురమ్మా నమిలి గట్టెక్కారు. అమ్మ మాత్రం విగ్రహం ముందు పెట్టింది నోట పెట్టనంటే పెట్టనంది. అది ఆమె భక్తి. ఊరి కంటికి అదే దొంగతనం ఒప్పుకోవడం.

"ఆదివారం లోపల దండన్నా ఇయ్యాల, ప్రమాణమన్నా చెయ్యాల. ల్యాకుంటే సోమవారం పోలీసోళ్ళొస్తారు, గుడిసె ఖాళీ చెయ్యాల" అని రెడ్డిగారింటి జీతగాళ్ళ మీద అజమాయిషీ చేసే ఈరన్న చెప్పిపోయాడట. మా గుడిసె ఉన్న జాగా వాళ్ళదే.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మా చర్చి పాదిరి దావీదురాజు అయ్యగారింటికి పోయాను.

"అయ్యగారూ, తొమ్మిదివందల ఏండ్ల కిందట ఇంగ్లండులో మన గురువులే ఇట్లాంటి పరీక్ష పెట్టేవాళ్ళు. చర్చిలో, బలిపీఠం ముందర. ఎండు రొట్టె, జున్నుముక్క. దోషి అయితే గొంతులో అడ్డం పడాలని గురువు ప్రార్థన చేస్తాడు. మింగితే నిర్దోషి. అమ్మకు బియ్యం వద్దు, రొట్టె పెట్టించండి."

"మన సంఘంలో అట్లాంటిది యాడా ల్యాదే తల్లీ" అన్నారాయన.

నేను ఊరుకుంటానా? గాడ్విన్ అనే సామంతుడి కథ ఎత్తుకున్నాను. రాజుగారి సోదరుణ్ణి చంపించాడని అతని మీద నింద. ఒకనాడు విందులో రాజుగారి పక్కన కూర్చుని, ఆ పాపం నాదైతే ఈ ముక్క నా గొంతు దిగకపోనీ అన్నాడట. అన్నవాడు అక్కడికక్కడే గొంతు పట్టుకుని కూలాడట. నిజానికి అతను జబ్బు చేసి పోయాడని, రొట్టె కథ జనం తర్వాత అల్లుకున్నదని కూడా నా పుస్తకంలో ఉంది. ఆ రెండో మాట నేను మింగేశాను.

చివరికి అయ్యగారు సరేనన్నారు. సాయంత్రానికి కథ ఊరంతా పాకింది. కృష్ణవేణమ్మ ఒప్పుకుంది. కాకపోతే రొట్టె తన ఇంటినుంచే వస్తుందంది. మేమైతే మెత్తగా చేసి మోసం చేస్తామని ఆమె అనుమానం. జొన్నరొట్టె కాల్చి రెండు రోజులు ఎండబెట్టించింది.

గెలిచానని నేను ఎగిరిపడుతుంటే శనివారం అమ్మ మెల్లగా అడిగింది.

"మణీ, ఆ దొర నిజంగా తప్పు చేసినాడా?"

"చేసినాడంటారు."

"చేయకున్నా అడ్డం పడతాదేమో?"

కుండ చాటున ఆమె నిన్నటి రొట్టె తుంపి మింగడం అలవాటు చేసుకుంటోంది. ముక్క దిగడం లేదు. అప్పుడు తెలిసింది నాకు. బియ్యమైనా రొట్టె అయినా పని చేసేది భయమే, నోరెండబెట్టేది అదే. దొంగకు ఎంత భయమో, గూడు పోతుందనుకునే నిర్దోషికీ అంతే భయం. ఆ భయానికి నేను గాడ్విన్‌ను కూడా తెచ్చి కలిపాను, నా చదువు తగలెయ్య! అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఇప్పుడు వద్దంటే దొంగతనం ఒప్పుకున్నట్టే అవుతుందన్నారు.

ఆదివారం ఆరాధన ముగిసేసరికి చర్చి కిటికీల నిండా తలలే. కృష్ణవేణమ్మ మొదటిసారి మా చర్చి గడప దాటి వచ్చి ముందు నిలబడింది. అయ్యగారు ప్రార్థన చేశారు. అమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. దవడలు ఆడుతున్నాయి కానీ గొంతు కదలడం లేదు.

"మింగల్యా! సూడండప్పా, మింగల్యా!" అని ఈరన్న అరిచాడు.

"ఆగండి!" అని లేచాను.

"జ్ఞానమణీ, కూర్చో" అన్నారు అయ్యగారు.

"కూర్చోను. ఆ దేశపు న్యాయంలో నింద వేసినవాళ్ళు ముందు ప్రమాణం చెయ్యాల. కృష్ణవేణమ్మగారు కూడా ఇదే రొట్టె తిని చెప్పాల, మా అమ్మే తీసిందని."

ప్రమాణం మాట పుస్తకంలోదే. రొట్టె మాట నేను కలిపాను.

"ఏమ్మే, నోటికి హద్దు ల్యాదా?" అని ఈరన్న మీదికొచ్చాడు.

"ఉండప్పా ఈరన్నా. నాకేం భయమా?" అంది కృష్ణవేణమ్మ. తన ఇంటి రొట్టె తనే ఫట్టుమని విరిచి నోట్లో వేసుకుంది. "విశ్వాసమ్మే తీసింది. నా కండ్లారా..."

అక్కడ ఆగింది. దగ్గు వచ్చింది. మళ్ళీ దగ్గబోతే ఊపిరి అందలేదు. మొహం ఎర్రబడి, రెండు చేతులా గొంతు పట్టుకుంది.

ఒక్కరూ కదల్లేదు. అందరి కళ్ళలో గాడ్విన్ కథే ఉంది. ఈరన్న రెండడుగులు వెనక్కి వేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ కదల్లేదు. బాగా అయిందనుకున్నాను.

కదిలింది మా అమ్మ. నోట్లో ముక్క కొంగులోకి ఉమ్మి, కృష్ణవేణమ్మను వంచి వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. ముక్క కింద పడింది. మూలనున్న కుండలో చెంబు ముంచి ఆమె నోటికి పెట్టింది. కృష్ణవేణమ్మ మా అమ్మ మణికట్టు పట్టుకుని గటగటా తాగింది. తాగి నేల మీద కూలబడింది.

"ఇంగ కొంచెం పొయ్యి విశ్వాసమ్మా" అంది.

మళ్ళీ తాగి చెంబు వైపు చూసింది. "నేను సూడల్యా. ఎవురు తీసినారో నాకు తెలీదు. పోలీసోళ్ళు వద్దు ఈరన్నా, వీళ్ళ గుడిసె జోలికి పోవద్దు."

దేవుడు న్యాయం చూపించాడని ఊరంతా ఈనాటికీ అంటుంది. నేనొప్పుకోను. రెండు రోజుల జొన్నరొట్టె, మిట్టమధ్యాహ్నం, ఎండిన గొంతు, అంతే. దండ ఎప్పటికీ దొరకలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మిగిలిన రొట్టెను నీళ్ళలో నానేసి, ఉల్లిగడ్డ నంజుకుని కడుపునిండా తినింది. నేను ఏడుస్తున్నా పట్టించుకోలేదు. తిని చెయ్యి కడుక్కుంటూ అడిగింది.

"మణీ, ఆ దొర గొంతు పట్టుకున్నప్పుడు పక్కన నీళ్ళిచ్చేవాళ్ళు ఎవురూ ల్యాకపోయినారా?"

సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. అంత పెద్ద విందులో ఎవరైనా లేచినట్టు అందులో లేదు.