కూతురింటి కుళాయి నీళ్లు

డాక్టరమ్మ నవ్వుతూ "శుభవార్తే" అనగానే కృష్ణప్రియకు నాన్న గుర్తొచ్చాడు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి దూరి నందిగామకు ఫోను కలిపింది.

"ఇక నీ బాటిలు నీళ్ల పని అయిపోయినట్టే నాన్నా," అంది.

విషయం అందడానికి వెంకటకృష్ణారావుకు కాసేపు పట్టింది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్లు ఆమె అత్తారింట మంచినీళ్లైనా ముట్టకూడదని వాళ్ల ఇంటి ఆనవాయితీ. అందుకే ఆయన జగ్గయ్యపేట ఎప్పుడొచ్చినా బస్టాండులో నీళ్ల బాటిలు కొని, చంకలో పెట్టుకుని మరీ వచ్చేవాడు.

"మా కుళాయి నీళ్ల ముందు అదెంత? అంతా ప్లాస్టిక్ వాసన," అనేది కృష్ణప్రియ.

"శుద్ధి చేసిన నీళ్లమ్మా ఇవి. సీలు వేసి అమ్ముతున్నారు."

"మీ అల్లుడుగారు కుళాయి నీళ్లు తాగే అంత పొడుగు పెరిగారు."

"అడ్డంగా కూడా పెరిగాను లెండి మావయ్యగారూ," అనేవాడు అనిల్‌కుమార్.

ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నీ ముద్దొచ్చాయి. పొద్దున్నే కుళాయి బుసకొట్టినా నవ్వొచ్చేది. పెళ్లినాటి వెండి గ్లాసు తోమి నాన్న కోసం విడిగా పెట్టింది. బారసాల నాడు ఆయన గటగటా తాగుతుంటే ఎదురుగా నిలబడి చూడాలని ఆశ.

నాలుగో నెలలో కడుపు పోయింది.

కబురందిన వెంకటకృష్ణారావు మండుటెండలో, ఉత్త చేతులతో వచ్చాడు. బాటిలు కొనడం కూడా మరిచిపోయాడు. మంచం పక్కన కూర్చుని కూతురి పాదాలు నిమురుతూ చాలాసేపు ఉండిపోయాడు.

"మీ కుళాయి నీళ్లు ఓ గ్లాసు ఇప్పించమ్మా. తాగుతా," అన్నాడు చివరికి.

ఇన్నాళ్లూ ఆమె బతిమాలింది ఈ మాట కోసమే. తనను ఊరడించడానికి ఆనవాయితీని కూడా పక్కన పెడుతున్నాడని అర్థమైంది. కానీ ఇప్పుడు తాగేస్తే, ఇక ఎప్పటికైనా పుట్టబోయే బిడ్డ కోసం ఆయన దాచుకునేదంటూ ఏం ఉంటుంది?

"వద్దు నాన్నా."

"దాహంగా ఉందే తల్లీ."

"బాటిలు తెప్పిస్తా. నువ్వన్నట్టు అవే మంచివి. మా ఇంటి నీళ్లు ఇప్పుడే తాగకు."

గుమ్మంలో ఉన్న అనిల్‌కుమార్ చెప్పులేసుకుని కొట్టుకు వెళ్లాడు.

వెంకటకృష్ణారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా తడి ఆరలేదు.

"రేపు పొద్దున్నే కారు మాట్లాడతా," అన్నాడు. "నందిగామ పోదాం. నెల్లాళ్లు అమ్మ దగ్గర ఉందువుగాని."