బల్ల ఆదివారం, పదింబావు

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే బెన్హర్ చర్చిలో కూర్చున్నాడే గాని, ధ్యాసంతా గోడ గడియారం మీదే ఉంది. సరిగ్గా పదింబావుకి ప్రకాష్ కోట తగలబడుతుంది.

ఫోన్లో ఆడే యుద్ధాల ఆట అది. పాతికమంది కూటమికి బెన్హర్ నాయకుడు. వీళ్లకంటే బలమైన కూటమికి పాతపట్నం ధనరాజ్ నాయకుడు. "ఒక్క కోట మాకొగ్గీ, మిగతావోల్ల జోలికి రాం" అని ధనరాజ్ కబురు పెడితే, బెన్హర్ తన మేనమామ కొడుకు ప్రకాష్ కోటనే చూపించాడు. పాపం, రెండేళ్లు కూర్చుని కట్టుకున్న కోట. దాడికి వేళ కూడా తనే చెప్పాడు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రోజు చర్చికి ఫోన్లు తేకూడదని వీళ్ల సంఘంలో కట్టడి. కోటని కాచుకునేవాడే ఉండడు.

పాతికమంది కోసం ఒకణ్ణి వదులుకుంటే తప్పేంటి? అయినా ఆటేగా, వెధవ ఆట!

"ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే, సమాధానపడి బల్లలో పాలు పొందండి" అన్నారు పాస్టరుగారు.

పక్కనే ఉన్న ప్రకాష్ చప్పున బెన్హర్ చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నువ్వు ధనరాజ్‌తోటి కలిసిపోనావని ఎవులో సెప్పినారు. రెండ్రోజులుగా నిన్ను అనుమానిస్తన్నాను. నన్ను సెమించీ."

ప్రకాష్ కళ్లు తడిగా ఉన్నాయి. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. రొట్టె పళ్లెం వీళ్ల వరసలోకి వచ్చేసింది.

బెన్హర్ ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"పర్లేదులేరా," అన్నాడు. "సెమించీసాను."