కాళ్ళలో బలం లేదన్నాడు

డిపోలో ఆమెను అందరూ హారనమ్మ అనేవాళ్ళు. ఒకసారి తను నడిపే బస్సు హారన్ మూగబోతే, కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు చించుకుని అరుస్తూ రూటు పొడవునా బండ్లను పక్కకు తప్పించింది. అప్పుడు పడ్డ పేరది. మొదట్లో అలా పిలిచినవాళ్ళ మీద విరుచుకుపడేది. పోనుపోను ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

ఏళ్ళ తరబడి క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. డాక్టరు సినిమా చూసినట్టు ఎక్స్‌రే వైపు చాలాసేపు చూసి, "డ్రైవింగ్ మానేస్తారా?" అన్నాడు.

"ఇంకో మాట చెప్పండి."

"అయితే సైకిలు తొక్కండి. ముందు మోటరుతో తొక్కండి. అలవాటయ్యాక మోటరు ఆపేసి, తేలిక గేరులో, చదును రోడ్డు మీద. కాలు తేలిగ్గా తిరగాలి, అంతే."

ఇల్లు పల్లంలో, డిపో మిట్ట మీద. మధ్యలో ఎప్పటికీ పూర్తికాని కంకర రోడ్డు. మామూలు సైకిలైతే ఆ దారికి తట్టుకోదని ఆమె కొండదారులకు చేసిన ఎలక్ట్రిక్ సైకిలు తీసుకుంది. లావు టైర్లు, దున్నపోతంత బరువు. కానీ మోటరు వేస్తే మాత్రం వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టు హాయిగా పోయేది.

కొన్న కొత్తలోనే తమ్ముడి కన్ను దాని మీద పడింది. అతను జిమ్ నడుపుతాడు. ఒళ్ళంతా కండలు, నోరంతా సలహాలు. "నువ్వెలాగూ డిపోవాళ్ళ ట్రెయినింగుకి ఊరెళ్తున్నావు కదక్కా, ఖాళీగా పడుండే బదులు నేను కొండమీద ఒక రౌండేసి ఇచ్చేస్తాను" అన్నాడు. ఇచ్చింది. తిరిగి వచ్చేసరికి సైకిలు తళతళలాడుతూ వాకిట్లో ఉంది. తమ్ముడు కడిగి మరీ పెట్టాడు. ఫరవాలేదే, వీడికీ బుద్ధి వచ్చిందనుకుని మురిసిపోయింది హారనమ్మ.

ఆ వారమే మోటరు ఆపి తొక్కడం మొదలుపెట్టింది. అమ్మో, అది తొక్కడం కాదు, బురదలో కూరుకుపోయిన బండిని లాగడం. చదును రోడ్డు మీద కూడా పెడల్ మీద లేచి నిలబడితే తప్ప కదలదు. పక్కనుంచి కూరగాయల సంచులు వేలాడేసుకున్న ముసలాయన పాత సైకిలు మీద ఈల వేసుకుంటూ దాటిపోయాడు.

ఆదివారం భోజనానికి తమ్ముడూ మరదలూ వచ్చినప్పుడు అడిగింది. "ఒరేయ్, మోటరు ఆపితే ఇది ఇంత బరువేంట్రా? ఏమైనా పాడైందంటావా?"

తమ్ముడు కంచంలోంచి తలెత్తలేదు. "పాడేం కాలేదక్కా. లోపల మోటరు గేర్లుంటాయిగా, కరెంటు ఆగితే వాటిని కూడా నీ కాళ్ళే తిప్పాలి. అన్ని ఎలక్ట్రిక్ సైకిళ్ళూ అంతే." తర్వాత తలెత్తి నవ్వాడు. "అసలు సంగతి చెప్పనా? నీ కాళ్ళలో బలం లేదు. ఇన్నాళ్ళూ నువ్వు కూర్చుంటే బస్సు లాగింది. ఇప్పుడు నువ్వే ఇంజనువి. ఇంజనుకి ఆయిల్ లేదు!"

అమ్మ నవ్వింది. మరదలు నవ్వింది. హారనమ్మ కూడా నవ్వింది.

బలం లేకపోతే తెచ్చుకోవాలి. ఆమె తత్వం అది. పొద్దున్నే పళ్ళు కొరుక్కుంటూ తొక్కింది. మోకాలు వాచింది. ఐసు పెట్టుకుని మళ్ళీ తొక్కింది. ఫోను చేస్తే తమ్ముడు, "నొప్పి వస్తోందంటే కండ పెరుగుతోందన్నమాట. ఆపకు" అన్నాడు. మోటరు వేసినప్పుడు బ్యాటరీ సగం దారిలోనే ఆవులిస్తోందంటే, "వాడకం ఎక్కువైంది" అన్నాడు. అన్నింటికీ వాడి దగ్గర జవాబుంది.

డిపోలో ఏటా జరిగే కాళ్ళూ కళ్ళ పరీక్ష వచ్చింది. ఆమె మోకాలి మీద వేలితో నొక్కితే గుంట పడింది. క్లచ్ పెడల్‌ని అడుగంటా తొక్కి పట్టమన్నారు. పట్టలేకపోయింది. మేనేజరు గొంతు తగ్గించి, "మీ మంచికే చెప్తున్నా, కొన్నాళ్ళు కౌంటరు చూసుకోండి" అన్నాడు.

కౌంటరంటే బస్సుల్లో మర్చిపోయిన గొడుగులూ టిఫిన్ డబ్బాలూ తిరిగిచ్చే అద్దాల గది. అక్కడ కూర్చుంటే ఆమె బస్సు గేటు దాటడం వినిపించేది. కొత్త డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ కరకరమని ఇనుము నమిలిన చప్పుడు. ఆ చప్పుడుకి ఆమె ఒళ్ళు మండిపోయేది. కానీ ఎవరి మీద మండాలి? తన కాళ్ళ మీదే. బాత్రూములో చెంబుతో నీళ్ళు పోసుకుంటూ తన మోకాలినే తిట్టుకున్న రోజులున్నాయి.

ఒకరోజు డ్యూటీకి వస్తూ, మొండికేసి, మిట్ట కూడా మోటరు లేకుండానే ఎక్కింది. డిపో గేటు ముందు చైను ఊడింది. వంగి సరిచేస్తూ, పట్టుకోసం వెనక చక్రం మీద చెయ్యి వేసింది. చక్రం మధ్యలో బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్ళ, డిస్కు, తగిలింది.

చురుక్కుమంది. చెయ్యి లాక్కుంది. రెండు వేళ్ళ మీద ఎర్రగా గీత పడింది.

మోకాలి నొప్పి కూడా మర్చిపోయి అలాగే గొంతుక్కూర్చుంది. ఎక్కేది మిట్ట. దారిలో ఒక్కసారైనా బ్రేకు వెయ్యలేదు. మరి డిస్కు ఎందుకు కాలింది?

లేచి సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పింది. సగం చుట్టు తిరిగి, సర్రుమని గీరుకుని ఆగిపోయింది. ముందు చక్రం తిప్పింది. అది తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. మళ్ళీ వెనకది. సర్రు. వంగి చూసింది. డిస్కు అప్పడంలా వంకర్లు పోయి ఉంది. అంచున పటకారుతో పట్టి వంచిన పళ్ళ గాట్లు వరసగా కనిపించాయి.

చైను ఎక్కించి, కౌంటరు తాళంచెవి కాపలాదారు చేతిలో పెట్టి, "ఇవాళ గొడుగులు నువ్వే చూసుకో" అని వెనక్కి తిరిగింది.

మిట్ట దిగి వచ్చేసరికి తమ్ముడి జిమ్ ముందు బల్ల దగ్గర మరదలు కూర్చుని ఉంది. హారనమ్మ గాట్లు చూపించగానే ఆ పిల్ల అమాయకంగా, "ఇదా వదినా, ఆ రోజు కొండమీద పడ్డప్పుడు వంగింది. మోచెయ్యి కూడా చీరుకుపోయింది, మీకు కనపడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగారు. తనే సరిచేశానన్నారే. మీకు చెప్పలేదా?" అంది. అడిగాక గాని ఎదుటి మనిషి ముఖం చూడలేదు.

హారనమ్మ అరవలేదు. అరవకపోవడం చూసి లోపల బరువులెత్తుతున్నవాళ్ళు కూడా ఆపేశారు.

"ఒరేయ్, బయటికి రా."

తమ్ముడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే?"

"ఎక్కు. మోటరు ఆపి డిపో దాకా తొక్కు."

"ఇప్పుడా? క్లాసు జరుగుతోంది..."

"ఎక్కమన్నాను."

నలుగురు చూస్తున్నారని నవ్వుతూ ఎక్కాడు. ఆమె పక్కనే కుంటుతూ నడిచింది. కంకర రోడ్డు మొదలయ్యేసరికి నవ్వు పోయింది. మొదటి మలుపు దగ్గర సీటు వదిలి లేచాడు. రెండో మలుపు దగ్గర కాలు కింద పెట్టి, రొప్పుతూ, "బ్రేకు పట్టేస్తోందే!" అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నీకైతే బ్రేకు పట్టేస్తుంది. నాకైతే కాళ్ళలో బలం లేదు. అంతేనా?" ఇప్పుడు వచ్చింది ఆమెకు అసలు గొంతు. మిట్ట మీద గేటులోంచి జనం తొంగిచూశారు. "ఇన్ని కండలేసుకుని రెండు మలుపులు ఎక్కలేకపోయావు. అరిగిన మోకాలితో రోజూ లాగాను దీన్ని!"

"కొత్త బండి కదక్కా, తిడతావని భయమేసింది. చెబుదామనే అనుకున్నా..."

"పడ్డావు, సరే. భయపడి దాచావు, అదీ సరే. మరి నా కాళ్ళలో బలం లేదని ఎందుకన్నావురా? అది కూడా భయమేనా?"

అతను సైకిలు వైపు చూశాడు. "నిజంగా మోటరు వల్లే అనుకున్నానక్కా. ఒట్టు."

"ఒక్కసారి చక్రం ఎత్తి తిప్పి చూశావా?"

"లేదు."

"నొప్పి వస్తోందని ఏడుస్తుంటే తొక్కమన్నావు. నా బస్సు పోయింది. తెలుసా? నా బస్సు పోయింది."

ఆమె హ్యాండిల్ లాక్కుని సైకిలు నడిపించుకుంటూ పోయింది.

ఇంటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది. అప్పటికే వాడు ఫోను చేసి ఏడ్చినట్టున్నాడు. "ఏదో తప్పయిపోయింది, వాడేమైనా పరాయివాడా?"

"పరాయివాడైతే ఇంకో మనిషిని అడిగి చూసేదాన్నమ్మా. నమ్మేసేదాన్ని కాదు."

సైకిలు షాపులో కొత్త డిస్కు వేశారు. బయటికి తెచ్చి, మోటరు ఆపే, ఎక్కింది. సైకిలు బరువు బరువే, లావు టైర్ల గుర్రుగుర్రూ అలాగే ఉంది. కానీ పెడల్ మీద కాలు పెట్టగానే కదిలింది. తొక్కడం ఆపినా కొంతదూరం తనంతట తానే పోయింది. కాలు తేలిగ్గా తిరుగుతోంది. సంతోషించాల్సింది. కానీ చక్రం తిరిగినకొద్దీ కోపం తన్నుకొచ్చింది. ఇంత తేలికా? ఇంత తేలికైనదాని కోసమా నేను అద్దంలో నా కాళ్ళు చూసుకుని అసహ్యించుకున్నది? ఇంకొకరు చెబితే తన ఒంటిని తనే నమ్మకుండా పోయింది. అది వాడు చేసిన పని కాదు, తను చేసిన పని. ఆ ఆలోచన వాడి మీది కోపం కన్నా ఎక్కువ కాల్చింది. సైకిలు గోడకి ఆనించి, దారిపక్క అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం భోజనానికి తమ్ముడు మరదలితో వచ్చాడు. అమ్మ కళ్ళతో సైగ చేస్తే గొంతు సవరించుకుని, "అక్క సైకిలుకి ఏదో చిన్న రిపేరు వచ్చింది, నేను గమనించలేదు" అన్నాడు.

"సరిగ్గా చెప్పు" అంది హారనమ్మ, వడ్డన ఆపి. "నువ్వు పడ్డావు. వంచావు. దాచావు. నా కాళ్ళని ఎగతాళి చేశావు. వీళ్ళంతా నవ్వారు. నవ్వినచోటే చెప్పు."

మరదలు తలవంచుకుంది. అమ్మ, "అన్నం ముందు ఏంటే ఇది?" అంది. తమ్ముడు ఒక్కొక్క మాటే పీక్కున్నట్టు అంతా చెప్పాడు. చివర్న, "అక్క కాళ్ళలో బలానికేం తక్కువ లేదు" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది.

వాపు తగ్గాక మళ్ళీ పరీక్ష పెట్టించుకుంది. క్లచ్ తొక్కి, మేనేజరు "ఇక చాలమ్మా" అనేదాకా వదల్లేదు. బస్సు తిరిగి చేతికొచ్చింది. కొత్త డ్రైవరు నమిలేసిన దాని గేర్లు బాగుచేయించడానికే చాలాకాలం పట్టింది.

మొదటి డ్యూటీ పొద్దున, ఇంజను స్టార్టు చేస్తుండగా ఫోను మోగింది.

"అక్కా, కంగ్రాట్స్. కోపం తగ్గిందా?"

"లేదు."

"మరి ఎప్పుడు తగ్గుతుంది?"

"తగ్గినప్పుడు నేనే ఫోన్ చేస్తాను. నువ్వు చెయ్యకు" అని పెట్టేసి, అద్దం సరిచేసుకుని, బస్సు గేటు వైపు తిప్పింది.