కాకి కోసం కోసిన వల

నేను ఒక వలను. అలా అనగానే మీకు సముద్రమూ పడవలూ గుర్తుకొస్తాయేమో, ఆ వైభోగం నాకు లేదు. మేడల మీద బాల్కనీలకు కట్టే నైలాను వలను నేను. మా జాతిలో సముద్రానికి పోయినవాళ్లు ప్రాణాలు తీస్తారు, మేడలెక్కినవాళ్లం ప్రాణాలకు కాపలా కాస్తాం. ఈ మాట చెప్పుకుని చాలాకాలం గొప్పలు పోయాను.

నా పుట్టుకలో విశేషమేమీ లేదు. కరిగిన ప్లాస్టిక్ ముద్దను దారంగా లాగి, యంత్రం మీద ముడులు వేసి, చుట్టగా చుట్టి లారీలో పడేశారు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో ఏడాదిపాటు తలకిందులుగా నిలబడి ఉన్నాను. కొనడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా పావురాల బాధితులే. పావురాన్ని శాంతికి గుర్తు అంటారు, సభల్లో ఎగరేస్తారు, అది తమ బాల్కనీలో వాలితే మాత్రం నన్ను కొనడానికి పరిగెత్తుకొస్తారు. మనుషుల సంగతి నాకు అక్కడే కొంత తెలిసింది.

నన్ను కొన్నవాడు ఎల్లాజీ. అతను జాలరి. ఇరవై ఏళ్లు వేట చేసి, చేపలు తగ్గి, మోకాళ్లు చెడి, మేడలకు వలలు కట్టే పనిలోకి దిగాడు. అతని వేళ్లు నా ముడులను ఒక్కొక్కటిగా తడిమి చూస్తుంటే నాకు మొదటిసారి మర్యాద దొరికినట్టనిపించింది. నన్ను భుజాన వేసుకుని మధురవాడ వైపు ఒక అపార్టుమెంటు ఐదో అంతస్తుకు తీసుకెళ్లాడు.

ఆ ఇల్లు నూకరత్నానిది. ఆమె భర్త గౌరునాయుడు పోర్టులో క్రేను నడిపేవాడు. ఆ ఇంటికి బయానా ఇచ్చింది ఆయనే, గడప దాటకుండానే గుండె ఆగి పోయాడు. ఏటిసూతకం తీరాక నూకరత్నం, ఇంజనీరింగు చదివే కూతురు హారిక, పాత అద్దె ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చారు. వాళ్లతో పాటు ఒక పిల్లి. పేరు బుల్లోడు. బొగ్గు వ్యాగను కింద అరుస్తున్న పిల్లిపిల్లను గౌరునాయుడు ఒకరోజు చొక్కా జేబులో వేసుకొచ్చాడట.

ఆయన బతికున్నన్నాళ్లూ నూకరత్నానికి ఆ పిల్లి అంటే గిట్టేది కాదు. బయటికి బయలుదేరినప్పుడల్లా అది ఎదురొచ్చేది, ఆమె వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి కూర్చునేది. "ఇంట్లో మనిషి ఎదురొత్తే శకునం ఏటే?" అని ఆయన నవ్వేవాడట. ఆసుపత్రిలో చివరి పూట ఆయన అన్న మాట కూడా పిల్లి గురించే. "బుల్లోణ్ణి ఒగ్గీకు రత్నం" అన్నాడు. కూతురి గురించి చెప్పలేదు, తన గురించి చెప్పలేదు. కూతుర్ని ఎలాగూ వదలదని ఆయనకు తెలుసు, అనుమానం పిల్లి విషయంలోనే. ఆ అనుమానం ఆమెకు ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి పిల్లికి పాలు పోయకుండా తాను కాఫీ తాగలేదు.

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అంటారు. ఇల్లు మారితే పిల్లి నిలవదని ఇరుగుపొరుగు భయపెట్టారు. నూకరత్నం పట్టు పట్టింది. కొత్త ఇంట్లో మొదటి వారం ఒక్క గదే దానికి ఇచ్చింది. గౌరునాయుడి పాత లుంగీ, ఉతకనిది, అట్టపెట్టెలో పరిచింది. ఫినాయిలు పిల్లికి విషమని మానేసి ఉప్పునీళ్లతో నేల తుడిచింది. వాషింగ్ మెషీను వాడే ముందు, పిల్లి దూరి పడుకుందేమోనని లోపల చెయ్యి పెట్టి తడిమి చూసేది. ఇవన్నీ సర్దుకున్నాక మిగిలింది బాల్కనీ. కిందికి చూస్తే కళ్లు తిరిగేంత ఎత్తు. అందుకే నేను వచ్చాను.

ఎల్లాజీ పైకప్పు నుంచి పిట్టగోడ బయటి అంచు దాకా నన్ను బిగించి కొక్కేలు కొట్టాడు. పిల్లి అటకెక్కి అతన్నే చూస్తూ కూర్చుంది. పని అయ్యాక అతను నూకరత్నాన్ని పిలిచి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"అమ్మా, నానైతే బాగా కట్టీసినాను. పిల్లి వల తెంపదు, సందు ఎతుకుతాది. ఎప్పుడైనా తియ్యాలంటే నాకు ఫోన్ సెయ్యండి, కొక్కెం ఇప్పి మళ్లీ బిగించెల్తాను. మీరు మట్టుకు కత్తెర ఎట్టకండి. ఒక్క పోగు తెగితే పక్కనున్న నాలుగూ నీరసపడిపోతాయి."

"నాకేటి పిచ్చా, కత్తెర ఎట్టడానికి?" అంది నూకరత్నం.

పది నెలలు హాయిగా గడిచాయి. బుల్లోడు పొద్దున్నే పిట్టగోడ ఎక్కి, నా కన్నాల్లోంచి గాలిని వాసన చూసేవాడు. ఒళ్లు నాకు ఆనించి నిద్రపోయేవాడు. ఆ వెచ్చదనం నాకు అలవాటైపోయింది. నూకరత్నం పక్కనే స్టూలు వేసుకుని చిక్కుళ్లు తుంచుతూ వాడితో మాట్లాడేది. ఆయన ఉన్నప్పుడు చెప్పని కబుర్లన్నీ పిల్లికి చెప్పేది. నేను విన్నాను. ఎవరికీ చెప్పను.

అప్పుడు గౌరునాయుడి రెండో ఏడు తద్దినం వచ్చింది, కొత్త ఇంట్లో మొదటిది. మరిది పైడినాయుడు, ఇంకో పదిమంది చుట్టాలు వచ్చారు. కొత్త ఇంట్లో ఏమీ తక్కువ కాకూడదని నూకరత్నం తెల్లవారకముందే లేచి ఆయనకు ఇష్టమైనవన్నీ వండింది. వంజరం చేప వేపుడు, గుమ్మడికాయ పులుసు, బెల్లం బూరెలు. జనం కాళ్ల కింద పడకుండా బుల్లోణ్ణి పడకగదిలో పెట్టి తలుపు వేసింది.

పాత ఇంట్లో పెరటి గోడ ఉండేది. విస్తరి పెట్టగానే కాకి వచ్చి ఎంగిలి చేసేది, అందరూ భోజనాలకు లేచేవాళ్లు. ఇక్కడ పెరడు లేదు. డాబాకు అసోసియేషన్ వాళ్లు తాళం వేశారు, తాళం చెవి ఉన్నాయన ఊళ్లో లేడు. దాంతో పైడినాయుడు విస్తరి తెచ్చి బాల్కనీ పిట్టగోడ మీద పెట్టాడు. అంటే నా లోపలి వైపు.

కాకి వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, వేపుడు వాసన అలాంటిది. బయట ఏసీ పెట్టె మీద వాలి, తల వంచి చూసి, నా మీదికి ఎగిరి ముక్కు దూర్చింది. అందలేదు. వెనక్కి పోయి కూర్చుని అరిచింది.

లోపల అందరి ముఖాలూ వాడిపోయాయి. కాకి ముట్టకపోతే పోయినవాడికి కోరిక మిగిలిందని కదా లెక్క. ఆ కోరిక ఏమిటో కనుక్కోవడం మొదలుపెట్టారు. పైడినాయుడు దండం పెట్టి, "అన్నియ్యా, నీ స్కూటర్ అమ్మీమన్నాను గానీ అమ్మం, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. కాకి కదల్లేదు. ఒక ముసలావిడ, "హారిక సదువు ఆపం నాయనా" అంది. కాకి రెక్క దులుపుకుంది. నాకు నవ్వొచ్చింది. అయ్యల్లారా, ఆయనకు ఏ కోరికా లేదు, అడ్డం ఉన్నది నేను అని చెప్పాలనిపించింది. నాకు వెయ్యి కన్నాలున్నాయి కాని నోరు లేదు.

చివరికి నూకరత్నం ముందుకొచ్చింది. కళ్లు తుడుచుకుని, కాకి వంక సూటిగా చూసి అంది. "బుల్లోడి గురించే కదా నీ బెంగ. కళ్లల్లో ఒత్తులేసుకుని సూసుకుంటాను. వచ్చి తిను."

అదే క్షణంలో కాకి మళ్లీ ఎగిరి నా మీద వాలి, గోళ్లతో పట్టుకుని వేలాడుతూ ముక్కు పొడిచింది.

"విన్నాడు! వత్తన్నాడు!" అని పైడినాయుడు కేకేశాడు.

"వల ఉంది కదా బాబాయ్, ఎలా వస్తుంది?" అంది హారిక. గంట నుంచి అందరి కళ్ల ముందూ ఉన్న సంగతి ఆ పిల్ల చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఎల్లాజీకి ఫోన్ చేస్తే భీమిలిలో పనిలో ఉన్నాననీ, సాయంత్రం వస్తాననీ అన్నాడు. అప్పటికి పొద్దు నడినెత్తి దాటుతోంది. షుగరు ఉన్న ముసలివాళ్లు గోడకు ఆనుకుని చూస్తున్నారు. కాకి తినందే ఎవరూ తినకూడదు.

"విస్తరి కింద కార్ల దగ్గర పెడదామా?" అంది హారిక.

"ఇంటాయన్ని వీధిలో ఎట్టి తినమంటామేటే!" అని బాబాయి కసిరాడు.

నూకరత్నం లోపలికి వెళ్లి కుట్టు కత్తెర తెచ్చింది. గంట సేపు ఆయన్ని ఆకలితో నిలబెట్టానన్న బాధ ఆమె ముఖంలో ఉంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. విస్తరికి ఎదురుగా జానెడు మేర కోసింది. కాకి దూరింది, వంజరం ముక్క నోట కరుచుకుని నూనె కారుతుండగా ఎగిరిపోయింది. ఆమె రెండు చేతులూ జోడించి ఏడ్చింది. బుల్లోడి మాట చెప్పగానే ఆయన వచ్చాడని చుట్టాలందరూ అనుకున్నారు. అంత తృప్తిగా ఆ ఇంట్లో ఎవరూ అన్నం తిని ఉండరు.

కోసిన చోట ఆమె రెండు బట్టల క్లిప్పులు పెట్టింది. సాయంత్రం ఎల్లాజీ వస్తాడు కదా, అప్పటిదాకా చాలనుకుంది. పడకగది తలుపు తియ్యొద్దని కూతురికి రెండుసార్లు చెప్పింది కూడా. మూడు గంటలకు ఒక ముసలాయన నడుం వాల్చడానికి ఆ గది తలుపు తీశాడు. ఆయనకు పిల్లి సంగతి ఎవరు చెప్పారు?

బుల్లోడు నేరుగా బాల్కనీకి వచ్చాడు. విస్తరి తీసేసిన పిట్టగోడ మీద చేప వేపుడు నూనె మరక. నాకుతూ నాకుతూ కోత దగ్గరికి వచ్చాడు. మరక గోడ బయటి అంచు దాకా పోయింది. కాకి తిరిగొచ్చి ఏసీ పెట్టె మీద కూర్చుంది. వాడు తల దూర్చాడు. ఒక క్లిప్పు ఊడింది, ఇంకోటి ఊడింది. నేను బిగిద్దామనుకున్నాను. తెగిన పోగులు ఏం బిగుస్తాయి? వాడు కాకి మీదికి లంఘించాడు, కాకి లేచిపోయింది. వెనక కాలు ఒక్క క్షణం నాకు చిక్కింది. ఆ క్షణంలో వాడు నా వైపు తిరిగి చూశాడు, పట్టుకుంటావు కదా అన్నట్టు. నేను పట్టుకోలేకపోయాను. వాడి గోరొకటి నాలో ఉండిపోయింది.

కింద వాచ్‌మన్ అరుపు విని హారిక పరిగెత్తింది. నూకరత్నం వెళ్లలేదు. బాల్కనీలోకి వచ్చి, నన్ను రెండు చేతులా పట్టుకుని, కిందికి మాత్రం చూడకుండా నిలబడింది.

ఎల్లాజీ అయిదింటికి వచ్చాడు. చుట్టాలు అప్పటికి ఒక్కొక్కరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. పైడినాయుడు, "అన్నియ్యే తీసుకుపోయాడు వదినా, వాడంటే అంత ప్రేమ" అన్నాడు. ఓదార్పు అనుకుని అన్నాడు పాపం. ఆమె అతని వంక చూసిన చూపుకు అతనూ చెప్పులు వెతుక్కున్నాడు.

ఎల్లాజీ కోతను చూశాడు. ముడి వేయబోతుంటే వేలికి గోరు తగిలింది. మెల్లగా తీసి, వెనక్కి తిరిగి చూసి, ఆమె కంట పడకుండా జేబులో వేసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకనిపించిందేమో, దారం పక్కన పెట్టి అన్నాడు.

"అమ్మా, ఇంక అవసరం నేదు కదా. ఇప్పీమంటారా? గాలి బాగా వత్తాది."

నూకరత్నం స్టూలు మీద కూర్చుని ఉంది. ఏసీ పెట్టె మీద కాకి మళ్లీ వచ్చి కూర్చుంది, ఇంకో ముక్క దొరుకుతుందని కాబోలు. ఆమె దాని వైపు చూడకుండా ముఖం గోడకేసి తిప్పుకుంది.

"కట్టీ బాబూ. సందు నేకుండా కట్టీ. వచ్చే ఏడు ఆయనొచ్చి బుల్లోడేడీ అంటే నానేటి సెప్పను?"